అమెరికా కాలేజీ అడ్మిషన్లలో యాక్టివిటీస్ చదివేవాళ్ళు నిజంగా ఏం చూస్తారు?

ముందుగా మీరు అడిగినదాన్ని ఒకసారి చెప్తాను, ఇదే సందేహం ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. మీ అమ్మాయి అమెరికాలో టెన్త్ గ్రేడ్ చదువుతోంది. గ్రేడ్లు బాగున్నాయి. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, స్కూల్లో మ్యాథ్ క్లబ్‌లో ఉంది, శనివారాలు లైబ్రరీలో వాలంటీరింగ్ చేస్తోంది. ఒక కన్సల్టెంట్ మాత్రం ఇవి ఏ మూలకీ చాలవని, ఒక నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సేవాసంస్థ) పెట్టించమని, డబ్బు కట్టి ఒక రీసెర్చ్ పేపర్ రాయించమని, దరఖాస్తులో యాక్టివిటీస్‌కి, అంటే క్లాసు చదువు కాక చేసే పనులకి, ఉన్న పది గళ్ళూ నిండి తీరాలని చెప్పాడు. ఇదంతా అవసరమేనా అని మీ టెన్షన్.

నేను కొన్నేళ్ళు ఒక యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసులో దరఖాస్తులు చదివాను. ఆ తర్వాత నుంచి హైస్కూల్ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తున్నాను. కాబట్టి వాటిని చదివేవాళ్ళ ఇబ్బందీ తెలుసు, రాసేవాళ్ళ ఇబ్బందీ తెలుసు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ అమ్మాయికి కొత్త యాక్టివిటీస్ అక్కర్లేదండీ. ఇప్పుడు చేస్తున్నవాటిలోనే ఒకటి రెండిటిని పట్టుకుని లోతుకి వెళ్ళాలి. తను అక్కడ ఉన్నందువల్ల ఎవరికో ఒకరికి ఏదో మేలు జరగాలి. ఆ జరిగింది ఏమిటో కాగితం మీద స్పష్టంగా కనపడాలి.

అయితే యాక్టివిటీస్ గురించి మాట్లాడే ముందు చదువు సంగతి. హైస్కూల్లో తీసుకున్న కోర్సులు, వాటిలో వచ్చిన గ్రేడ్లు, ఆ కోర్సులు ఎంత కఠినమైనవి అన్నదే ఎక్కడైనా మొదట చూసేది. రోబోటిక్స్ పోటీల కోసం ఊళ్ళు తిరిగి ప్రీకాల్‌క్యులస్‌లో సి గ్రేడ్ తెచ్చుకున్న పిల్లల్ని చూశాను. ఆ నష్టాన్ని ఏ యాక్టివిటీ పూడ్చదు. చదువు దారిలో ఉన్నప్పుడే మిగతా మాటలు. మీ అమ్మాయి విషయంలో ఆ బెంగ లేదు కాబట్టి ముందుకి వెళ్దాం.

అన్ని కాలేజీలూ యాక్టివిటీస్‌ని ఒకేలా లెక్కలోకి తీసుకోవు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లు చాలావరకు గ్రేడ్లని బట్టే నిర్ణయిస్తాయి, వ్యాసాలు కూడా అడగవు. అదే రాష్ట్రంలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే బర్క్‌లీ, లాస్ ఏంజెలస్, శాన్ డియాగో వగైరా, యాక్టివిటీస్‌కీ అవార్డులకీ కలిపి 20 వరకు రాసుకునే చోటిస్తుంది. ఎస్ఏటీ, ఏసీటీ అనే ప్రవేశ పరీక్షల స్కోర్లని అడ్మిషన్ నిర్ణయంలో అసలు చూడదు, కాబట్టి అక్కడ మిగతావాటి బరువు పెరుగుతుంది. టెక్సస్‌లో క్లాస్ ర్యాంకుని బట్టి ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది, కానీ యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఆస్టిన్ క్యాంపస్‌లో ఆ హామీ యూనివర్సిటీలో సీటుకే, కోరుకున్న మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) కాదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే అక్కడా దరఖాస్తు మొత్తం చదివి చూస్తారు.

ఒక్కో కాలేజీ ఏమనుకుంటుందో ఊహించక్కర్లేదు. చాలా కాలేజీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రం విడుదల చేస్తాయి. కాలేజీ పేరు, ఆ మాట కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో సి7 అనే పట్టిక చూడండి. గ్రేడ్లు, వ్యాసం, సిఫార్సు లేఖలు, యాక్టివిటీస్, ఉద్యోగానుభవం, వాలంటీర్ పని, వ్యక్తిత్వం, ఇలా ఒక్కోదాని ఎదురుగా ‘చాలా ముఖ్యం’, ‘ముఖ్యం’, ‘పరిగణిస్తాం’, ‘పరిగణించం’ అని నాలుగు గడుల్లో టిక్ పెట్టి ఉంటుంది. మీ అమ్మాయి అనుకుంటున్న కాలేజీలన్నిటికీ ఆ పట్టిక చూస్తే ఎక్కడ ఎంత శ్రమ పెట్టాలో మీకే తెలుస్తుంది. కన్సల్టెంట్‌కి ఫీజు కట్టేముందు చేయాల్సిన పని ఇది.

ఇక యాక్టివిటీస్‌ని బాగా పట్టించుకునే చోట ఏం జరుగుతుందో చూద్దాం. లోపలి పద్ధతిని కాలేజీలు మామూలుగా బయటపెట్టవు. కానీ అడ్మిషన్లలో వివక్ష చూపుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసు 2018లో విచారణకి వచ్చినప్పుడు వాళ్ళ లోపలి పత్రాలు కోర్టుకి చేరాయి. దరఖాస్తు చదివేవాళ్ళు చదువుకి, యాక్టివిటీస్‌కి, ఆటలకి, వ్యక్తిత్వానికి విడివిడిగా రేటింగ్ ఇస్తారని అందులో ఉంది. యాక్టివిటీస్‌లో 1 అంటే అసాధారణమైన బలం, బహుశా జాతీయ స్థాయి విజయమో వృత్తి స్థాయి అనుభవమో. 2 అంటే స్కూల్ స్థాయిలో గట్టి పాత్ర, ఉదాహరణకి క్లాస్ ప్రెసిడెంటో స్కూల్ పత్రిక ఎడిటరో. 3 అంటే బాగానే పాల్గొన్నారు గానీ ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది లేదు. 4 అంటే పాల్గొన్నది తక్కువ, లేదా అసలు లేదు.

ఆ తర్వాత 5, 6 ఉన్నాయి. అవి 4 కన్నా తక్కువవనుకుంటారు, కాదు. ఇంటి బాధ్యతల వల్లో, స్కూల్ నడిచే రోజుల్లో చేసే ఉద్యోగం వల్లో మామూలు క్లబ్బుల బయట చాలా పని చేసినవాళ్ళకి 5. ప్రత్యేక పరిస్థితుల వల్ల పాల్గొనడానికి వీలు పడనివాళ్ళకి 6. అంటే హార్వర్డ్ లాంటి చోట కూడా తమ్ముడిని చూసుకుంటూ సాయంత్రాలు దుకాణంలో కూర్చునే పిల్లని ‘ఏమీ చేయలేదు’ అనే వరసలో వేయకుండా ఉండటానికి విడిగా ఒక అంకె పెట్టుకున్నారు.

నేను పనిచేసిన చోట కొలత వేరు. అయినా ఈ అంకెలతోనే చెప్పాలంటే, నా ముందుకి వచ్చిన చదువుకున్న కుటుంబాల పిల్లల దరఖాస్తుల్లో చాలా భాగం ఆ 3 దగ్గరే ఆగిపోయేవి. ఎనిమిది క్లబ్బుల్లో సభ్యత్వం, వందల వాలంటీర్ గంటలు, రెండు వాయిద్యాలు. అన్నీ ఉన్నాయి, ఏదీ గుర్తుండదు. 3 నుంచి పైకి రావడానికి జాతీయ బహుమతి రావాలన్నది అపోహ. స్కూల్ స్థాయిలో, ఊరి స్థాయిలో నిజంగా ఒక పనిని భుజాన వేసుకున్నవాళ్ళు పైకి వచ్చేవారు.

ఒక అబ్బాయి గురించి చెప్తాను. స్కూల్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయించేవాడు. గొప్ప వాయిద్యకారుడేమీ కాదు, రాష్ట్ర స్థాయి బ్యాండ్‌కి ఎంపిక కాలేదు. బ్యాండ్ గది వెనక ఒక బీరువాలో పాడైపోయిన క్లారినెట్లు, ఫ్లూట్లు దుమ్ము పట్టి ఉన్నాయని చూశాడు. బాగు చేయించడానికి స్కూల్ దగ్గర డబ్బు లేదు. వాడు ఒకటి ఇంటికి తెచ్చుకుని వీడియోలు చూసి విప్పాడు. రంధ్రాలు మూసే ప్యాడ్లు అరిగిపోయి గాలి లీక్ అవుతోంది, ముక్కలు కలిసేచోట ఉండే కార్క్ ఎండిపోయి ఊడిపోతోంది. మొదటిదానికి ప్యాడ్లు సరిగ్గా కూర్చోక మళ్ళీ మళ్ళీ తీసి అంటించాల్సొచ్చింది. తర్వాత ఊళ్ళో వాయిద్యాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, శనివారాలు ఆయన దుకాణం శుభ్రం చేస్తూ పని నేర్చుకున్నాడు. ఆ బాగైన వాయిద్యాలని నెలనెలా అద్దె కట్టుకోలేని మిడిల్ స్కూల్ పిల్లలకి ఇచ్చేలా బ్యాండ్ టీచర్‌తో మాట్లాడి ఒప్పించాడు. ఎవరికి ఏది ఇచ్చారో, ఏది ఎప్పుడు తిరిగి రావాలో రాసుకునే ఒక రిజిస్టర్ కూడా పెట్టాడు.

దీనికి ఏ పతకమూ రాలేదు. ఏ వెబ్‌సైటూ లేదు. కానీ ఆ దరఖాస్తు చదివినవాళ్ళకి వాడెవడో తెలిసిపోయింది. చేతులతో పని చేయగలడు, తెలియనిది అడిగి నేర్చుకోగలడు, చుట్టూ ఉన్నవాళ్ళ అవసరం కనపడుతుంది, మొదలుపెట్టింది మధ్యలో వదలడు. బ్యాండ్ టీచర్ రాసిన సిఫార్సు లేఖ నిండా ఇదే విషయం. మెకానికల్ ఇంజనీరింగ్ కోరుకుంటున్నానని వాడు వేరే చోట రాసిన మాటకి ఇది తనంతట తనే సాక్ష్యం అయింది. యాక్టివిటీ దరఖాస్తుకి బలం ఇవ్వడమంటే ఇదే. వ్యాసం చెప్పేది, టీచర్ చెప్పేది, యాక్టివిటీ చెప్పేది ఒకదానికొకటి ఊతంగా నిలబడతాయి. ఇది ప్లాన్ వేసి పుట్టించగలిగేది కాదు. పిల్లవాడికి ఆ బీరువా తెరిచి చూసే తీరిక ఉంటేనే పుడుతుంది. వారంలో ఏడు సాయంత్రాలూ ఏడు క్లాసులకి పరిగెత్తే పిల్లలకి ఆ తీరిక ఎక్కడిది?

ఇప్పుడు ఆ పది గళ్ళ సంగతి. చాలా కాలేజీలకి కలిపి వాడే ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్. అందులో యాక్టివిటీస్ 10 వరకు రాయచ్చు, అవార్డులకి వేరుగా 5 గళ్ళు ఉంటాయి. పది అన్నది గరిష్ఠం మాత్రమే. ఎంఐటీ తన సొంత దరఖాస్తులో నాలుగు యాక్టివిటీస్ రాస్తే చాలంటుంది. ఏం ఆశిస్తున్నారో ఆ ఒక్క అంకెతోనే తెలియట్లేదూ? ఐదారు నిజమైనవి ఉంటే మిగతా గళ్ళు ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడిని చూసి ఎవరూ మార్కులు తగ్గించరు. ఒక్కరోజు జరిగిన ఫుడ్ డ్రైవ్‌ని (పేదల కోసం ఆహారం సేకరించడాన్ని) పదో గడిలో చూస్తే మాత్రం పైనున్న తొమ్మిదింటి మీదా చదివేవాళ్ళకి అనుమానం మొదలవుతుంది. యాక్టివిటీస్‌ని ప్రాధాన్యక్రమంలో పెట్టమని ఫారంలోనే అడుగుతారు, కాబట్టి మొదటి మూడే ఎక్కువ పని చేస్తాయి.

ఒక్కో యాక్టివిటీ వివరణకి కామన్ యాప్ ఇచ్చేది 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. హోదాకి 50, సంస్థ పేరుకి 100. పిల్లలు ఎక్కువగా చేజార్చుకునేది ఇక్కడే. మీ అమ్మాయి లైబ్రరీ పనినే తీసుకుందాం. మామూలుగా ఇలా రాస్తారు: ‘లైబ్రరీలో వాలంటీర్‌గా సేవ చేశాను. పిల్లలకి చదవడంలో సహాయపడ్డాను, పుస్తకాలు సర్దాను, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను.’ అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ వాక్యం ఏ లైబ్రరీలో ఏ వాలంటీర్‌కైనా సరిపోతుంది. టీమ్‌వర్క్ నేర్చుకున్నానన్న మాటకి అక్షరాలు తగలేయడం మరీ నష్టం.

ఇదే పనిని మరోలా ఊహించండి: ‘ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకి శనివారం చదివే గంట మొదలుపెట్టాను, 4 నుంచి 19 మంది అయ్యారు, నడపడం ఇద్దరు జూనియర్లకి నేర్పాను.’ ఇందులో ఒక్క విశేషణం లేదు. అంకెలూ క్రియలే ఉన్నాయి. తను వెళ్ళకముందు అక్కడ లేనిది ఒకటి ఇప్పుడు ఉంది, తను కాలేజీకి వెళ్ళిపోయాక కూడా ఉంటుంది. చదివేవాళ్ళు ఈ రెండో సంగతిని బాగా గమనిస్తారు.

అయితే ఆ రెండో వాక్యం రాయాలంటే ముందు ఆ పని జరగాలి కదా. మీ అమ్మాయి ఇంకా టెన్త్‌లోనే ఉంది కాబట్టి జరగడానికి సమయం ఉంది. వచ్చే శనివారం లైబ్రరీకి వెళ్ళినప్పుడు పుస్తకాలు సర్దుతూనే ఒక కన్ను వేసి ఉంచమనండి. ఎవరు వస్తున్నారు, ఎవరు రావట్లేదు, వచ్చినవాళ్ళు ఏం అడిగి లేదనిపించుకుని వెళ్తున్నారు. ఒక చిన్న ఆలోచన తట్టాక లైబ్రేరియన్‌ని తనే వెళ్ళి అడగాలి. మీరు ఈమెయిల్ రాయకండి, ఫోన్ చేయకండి. లైబ్రేరియన్ వద్దంటే వద్దనిపించుకోవడం కూడా తనకే జరగాలి. తల్లిదండ్రులు నడిపించిన పని ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. ఇంటర్వ్యూలో ‘ఇందులో అన్నిటికన్నా కష్టమైంది ఏమిటి?’ అని అడిగితే, సొంతంగా చేసిన పిల్లలు ఆగకుండా చెప్పుకుపోతారు. మిగతావాళ్ళు రెండు వాక్యాల్లో ఆగిపోతారు.

కూచిపూడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో దీని మీదే ఏళ్ళూ డబ్బూ పెడతాం. మన కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల దరఖాస్తులు చదివేవాళ్ళకి భారతీయ నాట్యం కొత్త కాదు. రంగప్రవేశం చేశానన్న మాట వాళ్ళు ప్రతి ఏడూ చూస్తారు. దాని విలువ పోయిందని కాదు. ఒక కళని పదేళ్ళు పట్టుకుని ఉండటం, లైవ్ సంగీతంతో ఒంటరిగా పూర్తి కచేరీ నాట్యం చేయడం చిన్న విషయం కాదు. కానీ ‘రంగప్రవేశం’ అని మాత్రం రాస్తే తెలియనివాళ్ళకి అర్థం కాదు, తెలిసినవాళ్ళకి కొత్తగా ఉండదు. ఎంతసేపు చేసింది, వారానికి ఎన్ని గంటలు సాధన, ఎవరికైనా నేర్పుతోందా, సొంతంగా ఏమైనా కూర్చిందా, ఇవి రాయాలి.

అసలైన ప్రశ్న రంగప్రవేశం తర్వాతది. చాలామంది పిల్లలకి ఆ సాయంత్రంతోనే నాట్యం ఆగిపోతుంది. గజ్జెలు అటక ఎక్కుతాయి. ఆ తర్వాత కూడా చేసేవాళ్ళు తక్కువ, అందుకే వాళ్ళు కనపడతారు. గురువుగారి దగ్గర చిన్నపిల్లలకి అడుగులు నేర్పడం, స్కూల్ థియేటర్ వాళ్ళతో కలిసి ఒక నాటకానికి నాట్యం కూర్చడం, మ్యాథ్ అంటే ఇష్టం కాబట్టి నాట్యంలో లయకి పలికే జతుల లెక్కల మీద స్కూల్లో ఒక ప్రదర్శన ఇవ్వడం. ఈ చివరిది మీ అమ్మాయికి నప్పుతుందని నాకు అనిపిస్తోంది. తాళంలో ఐదు జాతుల లయనీ, చివర కలిపే ముక్తాయింపునీ పట్టుకున్న పిల్ల మ్యాథ్ క్లబ్‌లో మిగతావాళ్ళకి తెలియనిది ఒకటి చెప్పగలదు. చాలా కాలేజీలు కళల విభాగం కింద వీడియో పంపడానికి విడిగా వీలిస్తాయి. ఆ స్థాయి ఉందని గురువుగారు నిజాయితీగా అంటేనే పంపండి. బలహీనమైన వీడియో వల్ల మేలు లేదు.

దీనికి దగ్గరగా ఇంకో మాట. మన పిల్లల్లో చాలామంది స్పెల్లింగ్ బీలో మెరిసి ఉంటారు. జాతీయ స్పెల్లింగ్ బీ ఎనిమిదో తరగతితో ముగుస్తుంది. కామన్ యాప్ యాక్టివిటీస్‌లో అడిగేది 9 నుంచి 12 వరకే. కాబట్టి మిడిల్ స్కూల్ ట్రోఫీల మీద ఆశ పెట్టుకోవద్దు. అయితే ఆ ఇష్టం హైస్కూల్లో మరో రూపంలో కొనసాగితే, చిన్నపిల్లలకి కోచింగో భాషాశాస్త్ర ఒలింపియాడో, అది రాసుకోవచ్చు.

ఇంటి పని రాయాలా అని సిగ్గుపడే పిల్లలు చాలామంది తగులుతారు. రాయాలి. కామన్ యాప్ యాక్టివిటీ రకాల జాబితాలోనే ‘కుటుంబ బాధ్యతలు’ అని ఒకటుంది, ‘జీతం వచ్చే ఉద్యోగం’ అని మరొకటుంది. నాన్నమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి చెప్పడం, మందుల వేళలు చూసుకోవడం, రోజూ తమ్ముడిని స్కూల్ నుంచి తెచ్చి హోంవర్క్ చేయించడం, ఇవి వారానికి పది గంటలు తీసుకుంటుంటే అవి యాక్టివిటీసే. గ్రోసరీ స్టోర్‌లో క్యాష్ కౌంటర్ దగ్గర నిలబడిన ఏడాది అనుభవం, ఖరీదైన సమ్మర్ ప్రోగ్రాం కన్నా నాకు చాలాసార్లు బలంగా కనపడింది. 2016లో హార్వర్డ్ ఎడ్యుకేషన్ స్కూల్ నుంచి ‘టర్నింగ్ ద టైడ్’ అనే నివేదిక వచ్చింది. యాక్టివిటీల సంఖ్య కన్నా నాణ్యత చూడాలని, కుటుంబానికి చేసే సాయాన్ని కూడా సేవగా గుర్తించాలని అది కాలేజీలని గట్టిగా కోరింది. ఎన్నో కాలేజీల అడ్మిషన్స్ అధికారులు దాన్ని సమర్థించారు.

నాన్‌ప్రాఫిట్ విషయానికొస్తే, వద్దనే చెప్తాను. 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థగా రిజిస్ట్రేషన్ వచ్చిందంటే ఫారం నింపి ఫీజు కట్టారని అర్థం, అంతే. లెవెన్త్ తర్వాత వేసవిలో పుట్టి, దరఖాస్తులు వెళ్ళిన నెలకే మూగబోయే సంస్థల్ని చదివేవాళ్ళు లెక్కకు మిక్కిలిగా చూశారు. వ్యవస్థాపకురాలు, అధ్యక్షురాలు అన్న హోదాలు ఇప్పుడు ఎవరినీ కదిలించవు. అదే పని ఇప్పటికే చేస్తున్న సంస్థ ఊళ్ళో ఉంటే అందులో చేరి ఒక మూల బాధ్యత తీసుకోవడం మేలు. నిజంగా ఎవరూ చేయని పని ఒకటి కనపడి, అది పెరిగి, డబ్బు లెక్కలు చూసుకోవాల్సి వచ్చినప్పుడు రిజిస్టర్ చేయించడం వేరు. ఆ వరస తిరగబడితేనే అనుమానం.

డబ్బు కట్టి రాయించే పేపర్ల మీద నాకు కోపమే ఉంది. పిల్లల చేత వేల డాలర్లు కట్టించుకుని, కట్టినవాళ్ళందరికీ ‘ప్రచురణ’ చూపించే ఏర్పాటులో పరిశోధన ఏముంది? వేసవి ప్రోగ్రాం పేరున్న క్యాంపస్‌లో జరుగుతుంది కాబట్టి ఆ కాలేజీలో సీటుకి దారి అని చెప్పేవాళ్ళు అరచేతిలో వైకుంఠం చూపిస్తున్నట్టే. చాలా ప్రోగ్రాంలకి క్యాంపస్ అద్దెకి దొరికిన చోటు మాత్రమే. నిజంగా గౌరవం ఉన్న వాటిలో కొన్ని చదువుకి, వసతికి పైసా తీసుకోవు. ఎంఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్, టెల్యురైడ్ అసోసియేషన్ వేసవి సెమినార్లు అలాంటివి. వాటిలో చోటు దొరకడం చాలా కష్టం, దొరక్కపోతే నష్టమూ లేదు. పరిశోధన అంటే ఆసక్తి ఉన్న పిల్లలు స్కూల్ సైన్స్ టీచర్‌తో మొదలుపెట్టి స్థానిక సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళచ్చు, అక్కడి నుంచి పైకి ఐసెఫ్ అనే అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్ వరకు దారి ఉంది. మ్యాథ్ వైపైతే ఏఎంసీ అనే పోటీ పరీక్ష, అది బాగా రాస్తే దాని పై మెట్టు ఏఐఎంఈ. ఫీజు నామమాత్రం, ఫలితం ఎవరూ ప్రశ్నించలేనిది.

గంటలు పెంచి రాయడం గురించి ఒక హెచ్చరిక. ప్రతి యాక్టివిటీకి వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. అన్నీ కూడితే వారానికి డెబ్భై గంటలు వచ్చే దరఖాస్తులు ఉంటాయి. స్కూలు, హోంవర్క్, నిద్ర, తిండి, ప్రయాణం తీసేస్తే అన్ని గంటలు మిగలవని చదివేవాళ్ళకి తెలుసు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కొంతమంది దరఖాస్తుదారులని యాదృచ్ఛికంగా ఎంచి, రాసినదానికి రుజువు చూపమని అడుగుతుంది. 2019లో బయటపడిన ‘వర్సిటీ బ్లూస్’ కేసులో ఆడని ఆటలకి ఫొటోలు పుట్టించి సీట్లు కొనిపెట్టిన రిక్ సింగర్ అనే కన్సల్టెంట్‌కి జైలు శిక్ష పడింది, డబ్బు కట్టిన తల్లిదండ్రుల్లో చాలామందీ జైలుకి వెళ్ళారు. గంటలు పెంచడం ఆ స్థాయి నేరం కాకపోవచ్చు. కానీ ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోవడానికి దరఖాస్తులో ఒక్క అబద్ధం చాలు. కామన్ యాప్ చివర పిల్లలు సంతకం చేసేది ఆ షరతుకే.

‘మన పిల్లలందరూ ఒకేలా కనిపిస్తారు, అందుకే వెనకబడతారు’ అనే భయం మీ ప్రశ్నలో లోలోపల ఉందని నాకు అనిపించింది. ఆ భయంతో ఇష్టమైన వయొలిన్‌నీ మ్యాథ్‌నీ మానేయించి, ఇష్టం లేని ఫెన్సింగ్‌లో చేర్పించిన ఇళ్ళు నాకు తెలుసు. దయచేసి అలా చేయకండి. పిల్లలు ఒకేలా కనిపించడానికి కారణం మ్యాథ్ కాదు, నాట్యం కాదు. గొర్రెదాటుగా అందరూ ఒకే కన్సల్టెంట్ మాట విని ఒకే మెట్టు దగ్గర ఆగడమే. ఒకే క్లబ్‌లో ఉన్న ఇద్దరు పిల్లల దరఖాస్తులు పక్కపక్కన చదివినా, ఒకరు అక్కడ ఏం చేశారో తెలుస్తుంటే వాళ్ళిద్దరూ ఒకేలా కనపడరు.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సింది. మొక్కుబడిగా సాగుతున్నవి ఏవైనా ఉంటే మీ అమ్మాయినే అడిగి ఈ ఏడాది చివరికి మాన్పించండి. మానేసినందుకు ఎవరూ తప్పు పట్టరు. లైబ్రరీ, నాట్యం రెండూ ఉంచండి. మ్యాథ్ క్లబ్ సంగతి తననే తేల్చుకోనివ్వండి. ఒక నోట్‌బుక్కో ఫోన్‌లో ఒక ఫైలో పెట్టుకుని, నెలకోసారి ఏం చేసింది, ఎన్ని గంటలు, ఎంతమంది వచ్చారు, ఏది కుదరలేదు అని నాలుగు ముక్కలు రాసుకోమనండి. పన్నెండులోకి వచ్చాక రెండేళ్ళ క్రితం సంగతులు గుర్తుండవు. కామన్ యాప్ కొత్త ఏడాదికి ఆగస్టు 1న తెరుస్తారు, ఎర్లీ, అంటే ముందస్తు దరఖాస్తుల గడువులు చాలావరకు నవంబరు 1కే వచ్చేస్తాయి, మిగతావి చాలావాటికి జనవరి మొదట్లో. మధ్యలో స్కూల్ పరీక్షలు ఎలాగూ ఉంటాయి. ఆ హడావిడిలో ఈ నోట్స్ ఉంటే 150 అక్షరాలు ఒక సాయంత్రంలో రాసేయచ్చు.

లెవెన్త్‌లో తనకి బాగా నచ్చిన టీచర్లు ఇద్దరితో క్లాసు బయట కూడా మాట్లాడుతూ ఉండమనండి. సిఫార్సు లేఖలు రాసేది వాళ్ళే. స్కూల్ కౌన్సెలర్ కూడా ఒక లేఖ పంపాలి, కానీ వాళ్ళ మీద వందల మంది పిల్లల భారం ఉంటుంది. లైబ్రరీలో జరుగుతున్నది తనే వెళ్ళి చెప్పకపోతే కౌన్సెలర్‌కి తెలిసే దారి లేదు. పది నిమిషాలు అపాయింట్‌మెంట్ తీసుకుని చెప్పిరమ్మనండి, ఆ నోట్స్ కాపీ ఒకటి ఇచ్చి రమ్మనండి. కన్సల్టెంట్ అడిగిన ఆ డబ్బు కాలేజీ ఫీజులకి దాచుకోండి.